161 బొమ్మలు, మూడు ఖాళీ అట్టలు

మా స్కూల్లో పిల్లల ఆర్ట్ ఎగ్జిబిషన్ అయ్యి రెండు వారాలైంది, ఇప్పటికి గానీ కూర్చుని రాయడానికి కుదర్లేదు. వేరే స్కూళ్ళల్లో ఉన్న డ్రాయింగ్ టీచర్లు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి ఎలా చేశారు, ఎంతయింది, అన్ని బొమ్మలు ఎక్కడ పెట్టారు అని అడిగారు, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఇక్కడ రాసేస్తే అందరికీ పనికొస్తుంది కదా అనిపించింది. కాస్త పొడుగే అవుద్ది, ఓపిగ్గా చదవండి.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి, ఎందుకంటే ప్లానంతా దాన్ని బట్టే నడిచింది. మాది కడియం దగ్గర్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. కడియం అంటే నర్సరీలు, అందరికీ తెలిసిందే, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, పొట్టిలంక ఎటు చూసినా మొక్కలే, హైవే మీద పోయేవాళ్ళు కార్లు ఆపుకుని ఫొటోలు దిగి వెళ్తుంటారు. ఆ ఫొటోల్లో పడని వాళ్ళు మా పిల్లల అమ్మానాన్నలు. కవర్లలో మట్టి నింపేది వాళ్ళే, అంట్లు కట్టేది వాళ్ళే, రాత్రిపూట లారీలకి మొక్కలెత్తేది వాళ్ళే. ఆరు నుంచి తొమ్మిది దాకా మా దగ్గర రిజిస్టర్లో 164 మంది పిల్లలున్నారు, పదో తరగతిని పరీక్షల భయంతో ఎలాగూ ఇవ్వరు కాబట్టి వాళ్ళని లెక్కలో వేసుకోలేదు.

ఇక్కడికి రాకముందు వేరే ఊళ్ళో వేరే స్కూల్లో చేశాను. అక్కడ ఒకసారి పై నుంచి ఆఫీసరు గారు వస్తున్నారు, పిల్లల బొమ్మలు పెట్టండి, బాగున్నవి ఓ ఇరవై ఏరండి అన్నారు. ఏరాను. అందంగా హాల్లో అంటించాను, ఫస్ట్ సెకండ్ థర్డ్ అని చీటీలు కూడా పెట్టాం, ఆఫీసరు గారు వచ్చి ఐదు నిమిషాలు చూసి వెళ్ళిపోయారు, అంతా సవ్యంగా జరిగిందనే అనుకున్నాను. మధ్యాహ్నం ఆరో తరగతి పిల్లాడొకడు వాళ్ళ నాన్నమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. గోడలన్నీ వెతుకుతున్నాడు, ఒక రౌండు తిరిగాడు, మళ్ళీ తిరిగాడు, నాకు తెలుసు వాడి బొమ్మ నా టేబుల్ సొరుగులో ఉందని. రెండో రౌండు అయ్యాక వాడు ఆవిడతో, "మన బొమ్మ ఇంకా అంటించలేదు మామ్మా, రేపు అంటిస్తారు" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, ఏం మాట్లాడలేకపోయాను. ఆరోజు నిర్ణయించుకున్నాను, మళ్ళీ నేను ఎగ్జిబిషన్ అంటూ పెడితే ప్రతి పిల్లాడి బొమ్మా గోడెక్కాలి, వాళ్ళ ఇంట్లోవాళ్ళు వచ్చి చూడగలిగే టైములోనే పెట్టాలి. మిగతా ఏర్పాట్లన్నీ ఈ రెండు మాటలకి లోబడి ఉండాల్సిందే.

జూలైలోనే హెడ్మాస్టారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన మంచాయనే, కానీ అన్నీ పెడతానంటే కాస్త తటపటాయించారు, "బాగున్నవీ బాగోనివీ అన్నీ కలిసిపోతే చూసేవాళ్ళకి విసుగు రాదా అమ్మా" అన్నారు. "మాస్టారూ, వచ్చేవాళ్ళు వాళ్ళ పిల్లాడి బొమ్మ చూడ్డానికి వస్తారండి, అది లేకపోతేనే విసుగండి" అన్నాను. కాసేపు ఆలోచించి సరే కానియ్యమన్నారు. ప్రైజులు వద్దన్నాను, దానికీ ఒప్పుకున్నారు. స్టేజీ, ముఖ్య అతిథి, దండలు, శాలువాలు కూడా వద్దని ఒప్పించడానికి మాత్రం ఇంకో నెల పట్టింది. మామూలుగా ఆ స్టేజీ ప్రోగ్రామ్ గంటన్నర తింటుంది, అంతసేపూ బొమ్మలు వేసిన పిల్లలు ఎండలో లైన్లో కూర్చుని ఉంటారు, లోపల బొమ్మలు ఒంటరిగా ఉంటాయి.

ఇక సబ్జెక్టు. డ్రాయింగ్ టీచర్లందరికీ ఇది తెలుసు, పిల్లల్ని మీ ఇష్టమొచ్చింది వెయ్యండర్రా అంటే వందలో ఎనభై మంది ఒకటే బొమ్మ వేస్తారు, రెండు త్రికోణం కొండలు, మధ్యలో సూర్యుడు, కిందకి ఏరు, ఒక పాక, ఒక కొబ్బరిచెట్టు. మా ఊళ్ళో కొండే లేదు! గోదావరి కాలవ పక్కన పుట్టిన పిల్లలు ఆ కొండలు ఎక్కడ చూశారో తెలీదు, అన్నయ్య వేశాడని తమ్ముడు వేస్తాడు అంతే. అది పిల్లల తప్పు కాదు, దేనివైపు చూడాలో మనం చెప్పలేదు కాబట్టి గుర్తున్నదాన్ని వేస్తారు. అందుకని అందరికీ ఒకటే సబ్జెక్టు ఇచ్చాను, మా ఇంట్లో చేతులు. ఇంట్లో ఎవరివైనా సరే, అమ్మవి, నాన్నవి, తాతవి, ఏదో ఒక పని చేస్తున్న చేతులు, అంతే, మొహం అక్కర్లేదు. ఫోన్లో ఫొటో తీసుకుని చూసి వెయ్యకూడదు, ఎదురుగా కూర్చునే వెయ్యాలి. మొదటి వారం కాయితం వంక చూడకుండా చేతి వంకే చూస్తూ పెన్సిల్ ఎత్తకుండా గీత గియ్యమన్నాను, అవన్నీ అల్లం కొమ్ముల్లా వచ్చాయి, పిల్లలు పడీపడీ నవ్వారు, కానీ ఆ అల్లం కొమ్ముల్లో కణుపులన్నీ ఉన్నచోటే ఉన్నాయి. మూడో వారానికి అవి చేతులయ్యాయి.

ఏడో తరగతి పిల్లాడొకడు నా దగ్గరికొచ్చి మెల్లిగా, "మా అమ్మ చేతులు బాగోవు టీచర్, మా అక్కవి వేసుకుంటాను" అన్నాడు. వాళ్ళమ్మ అంట్లు కడుతుంది. సరే నీ ఇష్టం, కానీ ఎందుకు బాగోవో చూసి వచ్చి నాకు చెప్పు, ఆ తర్వాత ఎవరివి కావాలంటే వాళ్ళవి వేసుకో అన్నాను. మర్నాడు వచ్చి చెప్పాడు, కుడి బొటనవేలి గోరు మధ్యలో చీలి రెండు ముక్కలుగా పెరుగుతుందంట, ఎడమ చూపుడువేలి మీద చాకు తెగిన గీతలు ఏడు ఉన్నాయంట, లెక్కపెట్టాడు, గోళ్ళ చుట్టూ మట్టి ఎంత కడిగినా పోదంట. పాలిథిన్ ముక్కని కొమ్మ చుట్టూ తిప్పి బిగించేటప్పుడు ఆ చీలిన గోరుతోనే నొక్కి పట్టుకుంటుందంట, అందుకే అది కలవట్లేదంట. ఇదంతా చెప్తూ చెప్తూ వాడే ఆగిపోయి, "టీచర్ అక్కవి వద్దులెండి" అన్నాడు.

సెప్టెంబర్లో ఎనిమిది తొమ్మిది తరగతుల నుంచి 24 మందిని రాజమండ్రి తీసుకెళ్ళాను, చిత్రకారుడు దామెర్ల రామారావు గారి ఆర్ట్ గేలరీకి. ఈ 24 మందే తర్వాత బొమ్మలు వేలాడదీసే టీము. మా పిల్లలు రాజమండ్రి ఎన్నిసార్లు వెళ్ళినా సినిమాకో బట్టలకో పుష్కర ఘాట్‌కో తప్ప అటువైపు వెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు. దామెర్ల 1897లో ఇక్కడే పుట్టారు, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయనలో విద్యని గుర్తుపట్టి ప్రోత్సహిస్తే బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివొచ్చారు, 1925లో మశూచి వచ్చి పోయారు, 28 ఏళ్ళు కూడా నిండలేదు. ఈ మాట చెప్పగానే తొమ్మిదో తరగతి ఆడపిల్ల ఒకత్తి, "అంటే మా అన్నయ్య వయసే కదా టీచర్" అని ఆ హాలంతా ఒకసారి తిరిగి చూసింది. నేను వాళ్ళకి రెండు పనులు చెప్పాను, ఒకటి ప్రతి బొమ్మలోనూ చేతులు ఎలా వేశారో చూడాలి, రెండోది బొమ్మని గోడకి ఎంత ఎత్తులో పెట్టారు, రెండు బొమ్మల మధ్య ఎంత ఖాళీ వదిలారు, లైటు ఎటునుంచి పడుతుంది, ఇది చూసి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. బొమ్మల్ని చూడ్డం వేరు, బొమ్మల్ని ఎలా పెట్టారో చూడ్డం వేరు, ఈ రెండోది పిల్లలకి ఎవరూ నేర్పరు. ఒక పిల్లాడు గోడని ముట్టుకోకుండా తన ఎత్తుతో పోల్చుకుని అంచనా వేసి "ఆరోవాళ్ళకి ఇవి పైకి అయిపోతాయి టీచర్" అన్నాడు, ఆ ఒక్క మాటతోనే మా గోడల ప్లాను మారిపోయింది, దాని సంగతి కిందన చెప్తాను.

రంగుల విషయంలో కాస్త ఎక్కువ రాస్తాను ఎందుకంటే అందరూ ఎక్కువ అడిగింది దీని గురించే. 160 మందికి పోస్టర్ కలర్స్ కొనే డబ్బు లేదు, అది నిజమే, కానీ మట్టి వాడటానికి అసలు కారణం అది కాదు. మట్టి పనిచేసే చేతుల్ని మట్టితోనే వెయ్యాలనిపించింది. నర్సరీలకి లారీల్లో ఎర్రమట్టి వస్తుంది, కాలవ గట్టున బూడిద రంగు ఒండ్రుమట్టి ఉంది, పొలాల్లో నల్లమట్టి ఉంది, మూడూ మూడు బకెట్లలో తెచ్చుకున్నాం. మట్టిని బోల్డు నీళ్ళల్లో కలిపి ఒక నిమిషం ఆగితే ఇసక అడుక్కి దిగిపోతుంది, పైన ఉన్న మట్టినీళ్ళని పల్చటి గుడ్డలో వడగట్టి వేరే గిన్నెలోకి వంచి ఒక రోజు కదపకుండా వదిలెయ్యాలి, తేరిన నీళ్ళు పారబోస్తే అడుగున వెన్నలాంటి మట్టి మిగులుతుంది. అది ఎండబెట్టి రోట్లో నూరితే అదే రంగు. తుమ్మజిగురు ఒక వంతుకి రెండు వంతుల నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టి వడగట్టుకుని, ఆ జిగురులో ఈ పొడి కలపాలి. జిగురు తక్కువైతే ఆరాక వేలితో రుద్దగానే పొడి రాలిపోతుంది, ఎక్కువైతే మెరుస్తుంది, తర్వాత బీటలిస్తుంది, కాబట్టి చిన్న ముక్క మీద వేసి ఆరబెట్టి రుద్ది చూసుకోవాలి. మొదటి విడత బీటలివ్వకూడదని తేనె కూడా రెండు చుక్కలు కలిపాం, రెండో రోజు పొద్దున్న చూస్తే కాయితాల నిండా చీమలు, బొమ్మల్ని చీమలు తింటున్నాయని ఆరో తరగతి పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. తేనె మానేశాం, జిగురు కొంచెం తగ్గించాం, బానే ఉంది.

నలుపు కోసం శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు చేసే పద్ధతి చేయించాను, తుప్పు పట్టిన ఇనప మేకులు, బెల్లం, నీళ్ళు ఒక కుండలో వేసి మూత కట్టి మూడు వారాలు పక్కన పెట్టాం. వాసన మాత్రం భరించలేం, స్టాఫ్ రూమ్ వెనక పెడితే లెక్కల మాస్టారు వచ్చి ఇంకొంచెం దూరంగా పెట్టించారు. కరక్కాయ పొడి నానబెట్టిన నీళ్ళు కాయితం మీద పూసి ఆరాక, దాని మీద ఈ ఇనప నీళ్ళతో గీస్తే గీసేటప్పుడు లేతగా ఉండి, చూస్తుండగానే నల్లబడుతుంది. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చూశారు అది, సైన్స్ టీచర్ కూడా వచ్చి ఆ రోజు పాఠం అక్కడే చెప్పారు. పసుపు కొమ్ములతో పసుపు రంగు చేద్దాం టీచర్ అన్నారు కొంతమంది, వద్దని చెప్పకుండా ఒక కాయితం మీద పసుపు పట్టీ వేయించి సగం మీద పుస్తకం పెట్టి ఎండ పడే కిటికీలో పెట్టించాను. వారం తర్వాత పుస్తకం తీస్తే ఎండ తగిలిన సగం వెలిసిపోయింది, పక్కనే పెట్టిన ఎర్రమట్టి పట్టీ చెక్కుచెదరలేదు. పసుపు మానేసింది వాళ్ళే.

ఇప్పుడు గోడల లెక్క. చాలామంది అన్ని బొమ్మలకి చోటెక్కడిది అంటారు కానీ కొలవకుండానే అంటారు, నేనూ ఇన్నాళ్ళూ అలాగే అనుకున్నదాన్నే. మేం క్వార్టర్ షీట్ వాడాం, అంటే 11 అంగుళాలు 15 అంగుళాలు, దానికి చుట్టూ అంగుళంన్నర అట్ట మార్జిన్ వదిలితే 14, 18 అవుతుంది. నిలువుగా పెట్టి పక్కన నాలుగంగుళాలు ఖాళీ వదిలితే ఒక్కో బొమ్మకి అడుగున్నర కావాలి. మా వరండా 90 అడుగులు, అంటే ఒక్క వరసలో 60 బొమ్మలు. క్లాసురూముల్లో కిటికీలు, బోర్డులు పోగా ఒక్కో రూముకి 20 అడుగుల ఖాళీ గోడలు రెండు దొరికాయి, ఒక గోడకి 13, రెండు వరసలు పెడితే 26, రూముకి 52, రెండు రూములకి 104. మొత్తం 164. ఈ లెక్క బోర్డు మీద తొమ్మిదో తరగతి పిల్లలే వేశారు, చివర 164 అని రాగానే ఎవరో గట్టిగా అరిచారు, ఎందుకంటే మా రిజిస్టర్లో సరిగ్గా అంతమందే.

బొమ్మలు తీగలకి వేలాడదీశాం, పై వరస తీగ ఐదడుగుల తొమ్మిదంగుళాల ఎత్తులో, కింద వరసది నాలుగడుగుల ఎత్తులో. అప్పుడు పై బొమ్మ నడిమధ్య సరిగ్గా ఐదడుగుల దగ్గరికి వస్తుంది, అది పెద్దవాళ్ళ కంటికి, కింద బొమ్మ మధ్య మూడడుగుల మూడంగుళాల దగ్గరికి వస్తుంది, అది చిన్నపిల్లల కంటికి, రెంటి మధ్య మూడంగుళాల సందు. రాజమండ్రిలో ఆ పిల్లాడు అన్న మాట వల్లే ఈ కింద వరస వచ్చింది. ఆరో తరగతి వాళ్ళవి కింద, పెద్ద క్లాసుల వాళ్ళవి పైన పెడదామని ముందు అనుకున్నాం గానీ, అమ్మ వచ్చి వంగి చూడాల్సి వస్తుంది కదా టీచర్ అని వాళ్ళే కలిపేశారు. అలా కలిపెయ్యడమే బాగుంది, ఒక తొమ్మిదో తరగతి బొమ్మ కింద ఆరో తరగతి బొమ్మ ఉంటే రెండూ ఆగి చూస్తారు.

తగిలించడం దగ్గర మాత్రం ముందు ఏడాది చేదు అనుభవం ఉంది, డబుల్ టేప్ వేసి అంటిస్తే సున్నం గోడ కదా, మధ్యాహ్నానికి సున్నం పొరతో సహా ఊడొచ్చి ఒక్కొక్కటే జారిపోయాయి, ఎత్తి పెట్టడానికే మనిషి కావాల్సొచ్చింది. ఈసారి గోడకి టేపు తగలనివ్వలేదు. రెండు చివర్లా హుక్కులు కొట్టించి మధ్యలో జీఐ వైరు, అంటే జింకు పూత ఉన్న ఇనప తీగ, లాగించాం. ముందు కొబ్బరితాడు కట్టి చూశాం, చూడ్డానికి బాగుంటుంది గానీ పదమూడు అట్టలు పడేసరికి మధ్యలో దిగిపోయి బొమ్మలన్నీ జారి ఒకచోట చేరాయి. అట్టలు కొనలేదు, కిరాణా కొట్లలో ఖాళీ డబ్బాలు అడిగి తెచ్చి కోసుకుని, పైన బ్రౌన్ పేపర్ అతికించాం, మట్టి రంగులకి ఆ బ్రౌన్ రంగు అమిరినట్టు ఇంకేదీ అమరలేదు.

బట్టల క్లిప్పులు పెడదామనుకుంటే రంగురంగుల ప్లాస్టిక్‌వి వచ్చాయి, బొమ్మ కంటే ముందు క్లిప్పు కనపడుతుంది. అప్పుడొచ్చారు ఒక పిల్ల వాళ్ళ నాన్న, ఆ పిల్ల చెల్లిని తీసుకెళ్ళడానికి వచ్చి మేం తంటాలు పడుతుంటే చూసి, "ఉండండి టీచరు గారూ" అని సైకిల్ సంచిలోంచి దబ్బనం, పురికొస తీశారు. ఆయన మొక్కల వేరుగడ్డలకి గోనె చుట్టి కుడతారు. అట్ట పైన రెండు మూలల్లో దబ్బనంతో ఒక్కో పోటు పొడిచి, పురికొస దూర్చి, తీగకి తిప్పి, ఒక ముడి వేశారు, ఆ ముడి లాగితే ఎత్తు సరిచేసుకోవచ్చు, కొస లాగితే ఊడిపోతుంది. ఒక్కో అట్టకి నిమిషం కూడా పట్టలేదు. పిల్లలు చుట్టూ మూగి ఆ ముడి నేర్చుకున్నారు, మర్నాటికి నా 24 మందీ వేసేస్తున్నారు, నాకే రెండు రోజులు పట్టింది. ఆ పిల్ల వేసిన బొమ్మలో ఉన్నవి ఆ చేతులే, దబ్బనం పట్టుకుని.

ప్రతి బొమ్మ కిందా చిన్న చీటీ, పిల్లల చేతిరాతతోనే. పేరు, క్లాసు, ఎవరి చేతులు, ఏం చేస్తున్నాయి, అంతే. అక్షరదోషాలు నేను దిద్దలేదు, తెలుగు టీచర్ గారిని కూడా బతిమాలాను దిద్దొద్దని. కొన్ని చీటీలు ఇక్కడ పెడతాను. "మా తాత చేతులు. వల అల్లుతున్నాయి. ఇప్పుడు వలకి వెళ్ళట్లేదు కానీ అల్లుతాడు." ఇంకోటి, "అమ్మ. జీడిపప్పు కాదు కవర్లో మట్టి నింపుతుంది. బొమ్మ అలా వచ్చింది." ఇంకోటి, "నాన్న చేతులు. ఫోన్ పట్టుకుని పడుకున్నాడు. నైట్ లారీ డ్యూటీ." ఆ పిల్ల ఈ చీటీ రాసి నాకేమైనా అంటానేమో అని భయంగా చూసింది, నేను అలాగే పెట్టాను. పని అయ్యాక నిద్రపోతున్న చేతులు కూడా పనిచేసే చేతులే కదా.

టైము గురించి. నా లెక్క ప్రకారం స్కూల్ ఎగ్జిబిషన్లు చాలావరకు ఇక్కడే పోతాయి. పొద్దున పదకొండింటికి పెడితే వచ్చేది మనమూ మనవాళ్ళే, కూలికెళ్ళే మనిషి ఒక పూట పని మానుకుని రావాలంటే ఆ పూట డబ్బులు పోతాయి, రాలేదని మనం వాళ్ళకి శ్రద్ధ లేదంటాం. శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా పెట్టాం, ఐదున్నరకి నర్సరీ పని దిగుతారు, ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చినా ఆరున్నరకి వచ్చేస్తారు. దీనికి హెడ్మాస్టారు ముందే పర్మిషన్ తీసుకున్నారు, ఇద్దరు మాస్టార్లు చివరిదాకా ఉంటామన్నారు, ఆడపిల్లలు ఎవరూ ఒంటరిగా వెళ్ళకుండా ఇంటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళాలని చీటీలు పంపాం. ఆ టైముకి చీకటి కాబట్టి లైట్లు కావాలి, ఒక ట్యూబ్‌లైటు కింద మట్టి రంగులన్నీ ఒకేలా చచ్చుగా కనపడతాయి, టెంట్ హౌస్ నుంచి పసుపు వెలుగు ఎల్ఈడీ బల్బుల తీగలు అద్దెకి తెచ్చాం, ఆ వెలుగులో ఎర్రమట్టి మండినట్టు కనిపించింది.

ఇంకో చిక్కు, మా వరండా పడమటి ముఖం, నాలుగింటికి ఎండ నేరుగా బొమ్మల మీద పడుతుంది, చూసేవాళ్ళ కళ్ళల్లో కూడా. దీనికి నర్సరీల్లో పనిచేసేవాళ్ళ పిల్లలే మార్గం చెప్పారు, మొక్కలకి కట్టే ఆకుపచ్చ షేడ్ నెట్ తెచ్చి వరండా స్తంభాలకి కట్టేశారు. నాలుగు రోజుల ముందు అల్పపీడనం పట్టి రెండ్రోజులు ఒకటే వాన, నా గుండె జారిపోయింది, అట్టలన్నీ మెత్తబడి విల్లులా వంగిపోతున్నాయి. క్లాసురూమ్ బెంచీల మీద బొమ్మలు బోర్లించి పైన పుస్తకాల కట్టలు పెట్టాం, షేడ్ నెట్ మీద పాలిథిన్ షీటు కప్పించాం, శుక్రవారం పొద్దున్న ఎండ కాసింది. శుక్రవారం మధ్యాహ్నం నుంచి రాత్రి ఏడింటి దాకా కట్టారు పిల్లలు. నేను ఒక్క ముడీ వెయ్యలేదు, బొమ్మ వంకరగా ఉంటే చెప్పేదాన్ని అంతే, మధ్యలో నుంచి అది చెప్పడం కూడా వాళ్ళలో ఒక పిల్ల తీసేసుకుంది, ఆ పిల్ల కన్ను నాకంటే నికార్సైంది.

ఖర్చు కూడా రాసేస్తాను. తుమ్మజిగురు, కరక్కాయ 300, వైరు హుక్కులు 1,150, పురికొస 180, బ్రౌన్ పేపర్ ఫెవికాల్ 900, లైట్ల అద్దె 1,400, వచ్చినవాళ్ళకి టీ, పిల్లలకి మిక్చర్ పొట్లాలు 1,250. మొత్తం 5,180. డ్రాయింగ్ షీట్లు స్కూలు ఇచ్చింది, మిగతాది స్టాఫ్ అంతా తలా కొంత వేసుకున్నాం.

శనివారం నాలుగింటికి తలుపులు తీశాం. హెడ్మాస్టారు వరండాలో నిలబడి నాలుగు మాటలు చెప్పారు, ఐదు నిమిషాలే, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. పిల్లలకి ముందు వారం నేర్పాను, ఎవరైనా వస్తే మీ బొమ్మ గురించి అప్పజెప్పకండి, ముందు వాళ్ళని "మీకేం కనపడుతుందండి" అని అడగండి, వాళ్ళు చెప్పాక మీరు చెప్పండి అని. ఐదింటి దాకా పల్చగానే ఉంది, పక్క స్కూలు టీచర్లు, చుట్టుపక్కల పిల్లలు. ఆరు దాటాక వచ్చారు చూడండి, తలకి గుడ్డ కట్టుకున్నవాళ్ళు అలాగే, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, ఒక పెద్దాయన చేతికర్రతో. వరండా నిండిపోయింది. ఒక సంగతి నేను ఊహించలేదు, వచ్చినవాళ్ళందరూ బొమ్మ చూసి వెంటనే తమ చేతులు చూసుకున్నారు, ఒకరు కాదు ఇద్దరు కాదు, అందరూ, బొమ్మ చూడ్డం, అరచెయ్యి తిప్పి చూసుకోవడం, మళ్ళీ బొమ్మ చూడ్డం.

ఆ ఏడో తరగతి పిల్లాడి అమ్మ ఏడుంపావుకి వచ్చింది. వాడు వాళ్ళమ్మని కూడా "మీకేం కనపడుతుందండి" అనే అడిగాడు, నేర్పినట్టే. ఆవిడ చాలాసేపు చూసింది. ఆ చీలిన గోరుని వాడు కరక్కాయ నలుపుతో సన్నటి గీతగా వేశాడు, ఏడు గీతలూ ఉన్నాయి. "ఈ గోరు పోయినేడు సపోటా అంట్లప్పుడు చీలింది, నీకెలా తెలుసురా" అంది. వాడేమీ చెప్పలేదు. ఆవిడ నా వైపు తిరిగి, "దీన్ని రేపు తీసుకెళ్ళచ్చాండి, ఇయ్యాలే ఇస్తారా" అని అడిగింది. సోమవారం ఇస్తానండి అన్నాను. సోమవారం చూస్తే ఐదు బొమ్మలు ముందే లేవు, పురికొస ముడి కొస లాగేసి ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళిపోయారు. నేను ఎవర్నీ అడగలేదు.

ఆ మూడు ఖాళీల సంగతి చెప్పాలి ఇంక. రిజిస్టర్లో 164 మంది, బొమ్మలు 161. ముగ్గురు పిల్లలు దసరా తర్వాత బడికి రావడం మానేశారు, ఒకళ్ళు అమ్మానాన్నలతో పనికని వేరే ఊరు వెళ్ళారు, ఇద్దరు ఇక్కడే ఉండీ రావట్లేదు. ఇళ్ళకి వెళ్ళి మాట్లాడాం, ఇంకా మాట్లాడుతూనే ఉన్నాం. గోడ మీద వాళ్ళ చోటు ఏం చెయ్యాలని పిల్లల్ని అడిగితే, జరిపేస్తే లెక్క సరిపోతుంది టీచర్ అన్నాడొకడు, వెంటనే ఇంకొకత్తి వద్దంది. వాళ్ళ పేర్లతో చీటీలు రాసి, బ్రౌన్ పేపర్ అతికించిన ఖాళీ అట్టలు మూడు కట్టారు, వాళ్ళ స్నేహితుల బొమ్మల పక్కనే. చూసినవాళ్ళు చాలామంది ఇదేంటి దీన్లో బొమ్మ పడిపోయిందా అని అడిగారు, పక్కన నిలబడ్డ పిల్లలు చెప్పారు.

ఏడున్నర దాటాక ఆ ఇద్దర్లో ఒకడు వచ్చాడు, ఎనిమిదో తరగతి వాడు. ఎవరు చెప్పారో ఏమో. చొక్కా నిండా మట్టి, లోడింగ్ నుంచి సరాసరి వచ్చినట్టున్నాడు. వరండాలో చివరి నుంచి చూసుకుంటూ వచ్చి తన పేరున్న అట్ట దగ్గర ఆగాడు, దాన్ని వేలితో కొంచెం కదిపాడు. "టీచర్ నేను వెయ్యలేదు కదా" అన్నాడు. "నీ చోటురా అది" అన్నాను. ఇంకేమీ అనడానికి నాకు రాలేదు. మా హ్యాంగింగ్ టీములో పిల్లాడొకడు వెళ్ళి షీటు, మిగిలిన ఎర్రమట్టి గిన్నె, బ్రష్షు తెచ్చి ఇచ్చాడు. వాడు వరండా మెట్టు మీద కూర్చుని, ఎడం చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, దాన్నే చూసి వెయ్యడం మొదలుపెట్టాడు. ఎనిమిదైంది, లైట్లవాళ్ళు తీగలు విప్పుతామన్నారు, వాడి మీద ఉన్న బల్బు ఒక్కటి ఉంచి మిగతావి విప్పమన్నాం. ఎనిమిదింపావుకి వాళ్ళన్నయ్య బండి మీద వచ్చి హారన్ కొట్టాడు. నాలుగు వేళ్ళు అయ్యాయి, బొటనవేలు అవ్వలేదు, మట్టి ఇంకా తడిగా ఉంది, అట్టకి కట్టడానికి వీల్లేదు. "ఉంచండి టీచర్, వచ్చి వేస్తాను" అని వెళ్ళాడు.

నా బీరువా పై అరలో పెట్టాను, ఆరిపోయింది. మట్టి గిన్నె మీద తడిగుడ్డ కప్పి ఉంచుతున్నాను, రెండ్రోజులకోసారి తడుపుతున్నాను.